తిరిగి తెరిచిన తలుపు

ఆ రోజు యూదుల లెక్కలో ఏలూలు నెల పన్నెండో తారీకు. పొద్దున అక్కూబు తిన్నది ఎర్రపప్పు జావ, బార్లీ రొట్టె, ఒక పచ్చి ఉల్లిపాయ. బయల్దేరబోతుంటే కూతురు కెజీయా చేతిలో పెట్టిన అంజూరపు పండును మాత్రం తినకుండా అంగీ మడతలో దాచుకున్నాడు. అది జతగాడు టల్మోనుకు. తరవాత ఎన్నేళ్ళయినా ఆ తారీకు తలుచుకుంటే ముందు నోట్లోకి ఆ ఉల్లిపాయ ఘాటే వచ్చేది. మిగతాదంతా దాని వెనకాలే వచ్చేది.

అక్కూబు సొంతూరు నెటోపాలో ద్రాక్ష కోతకొచ్చే రోజుల్లో వాళ్ళ ఇంటివాళ్ళకు ఆలయంలో ద్వారాల కాపలా వంతు పడేది. వారంపాటు తోటలు ఆడవాళ్ళకు అప్పజెప్పి, ఉతికిన అంగీలు మూట కట్టుకుని, మగవాళ్ళంతా యెరూషలేము కొండెక్కేవాళ్ళు. రాత్రి కాపలా లేని రోజుల్లో అక్కూబు దిగువ పేటలో కూతురింట్లో పడుకునేవాడు. భార్య షెలోమీతు పోయినప్పటినుంచి ఆ వారం కోసం అతను ఎదురుచూసేవాడు. పనికోసమూ, ఆ ఇంట్లో తన కంచం పక్కన ఇంకో రెండు కంచాలు ఉంటాయనీ.

అతనిది ఉత్తర ద్వారం. పండుగకు వచ్చినవాళ్ళు ఊరికి తిరిగి వెళ్ళాక వర్ణించి చెప్పుకునే ద్వారం కాదది. తూర్పున ఉన్న పెద్ద తలుపుల ముందు అందరూ మెడలెత్తి నిలబడతారు. ఉత్తర ద్వారంలోంచి గొర్రెలూ కట్టెలమోపులూ వస్తాయి. అయినా దేవదారు చెక్క, అంచులకు రాగి బద్దలు, రెండు రెక్కలు. ఆ రెండు రెక్కలూ ఒకేసారి కదలాలి, నడిమధ్యన ఒకేసారి కలవాలి. ఒకటి ముందు పోయిందంటే దాని అంచు రెండోదానికి అడ్డంపడుతుంది. అందుకని ఆ తలుపుకు ఎప్పుడూ ఇద్దరు మనుషులు. కుడి రెక్క అక్కూబుది. ఎడమ రెక్క అతని పెదనాన్న కొడుకు టల్మోనుది.

"పండు తెచ్చావా, దారిలో నువ్వే మింగావా?" అన్నాడు టల్మోను, అతన్ని చూస్తూనే.

"మింగితే నువ్వు బతకనిస్తావా అన్నా?"

"కెజీయా ఇచ్చిందా? తల్లి పోలికే. చెయ్యి పెద్దది." పండును రెండుగా చీల్చి సగం అక్కూబుకే ఇచ్చాడు. "తిను. రోజంతా నిలబడతావు. నీ కాళ్ళు చూస్తే నాకు భయమేస్తది."

అక్కూబు కాపలాలో ఉండగా కూర్చోడు. పట్టపగలు కూడా కూర్చోడు. దానికి కారణం అతని నాన్న.

చాలా ఏళ్ళ కిందట ఒక రాత్రి వాళ్ళ నాన్న కాపలాలో కునికాడు. కాపలా నాయకుడు దివిటీలతో తిరుగుతూ వచ్చినప్పుడు లేచి నిలబడి "మీకు సమాధానం కలుగుగాక" అని శాంతి మాట అనాలి. ఆయన అనలేదు. అనని మనిషికి ఏం చేస్తారో అదే చేశారు: కర్రతో రెండు తగిలించి, ఒంటిమీది అంగీకి నిప్పు పెట్టారు. పొద్దున ఆయన సగం అంగీతో ఇంటికొచ్చాడు. అంతే, వాళ్ళ ఇంటికి పేరు పడిపోయింది: కాలినంగీ వాళ్ళు. నాన్న పోయాడు, ఆ నాయకుడూ పోయాడు, పేరు మాత్రం కొత్త నేతలా అలాగే ఉంది. అందుకే అక్కూబు కూర్చోడు. ఇంటికెళ్ళేసరికి కాళ్ళు ఉబ్బిపోయేవి. షెలోమీతు ఏమీ అడిగేది కాదు. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళ తొట్టి గడప దగ్గర పెట్టి, తను అటు తిరిగి పిండి పిసుక్కునేది.

ఇప్పుడు ఆ ద్వారానికే ముప్పు వచ్చిపడింది. కిందటి వంతులో టల్మోను నడుం పట్టేసి తలుపు వేయడం ఆలస్యమైంది. ఇప్పటి నాయకుడు వచ్చేసరికి ఇంకా తెరిచే ఉంది. "ఇంకొక్కసారి," అన్నాడాయన, "నేను వచ్చేసరికి ఈ తలుపు తెరిచి ఉందంటే, దీన్ని హోసా ఇంటివాళ్ళకు అప్పజెపుతా." హోసా ఇంటివాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతూనే ఉన్నారు. వాళ్ళది పక్కనే ఉన్న చిన్న ద్వారం, ఒంటి రెక్క. మూసేసి మెట్లమీద కూర్చుని ఉత్తర ద్వారం వైపు చూడటం వాళ్ళ పెద్ద టెబల్యాకు రోజూ ఉన్న వేడుక. టల్మోను పెద్దకొడుక్కి వచ్చే ఏటికి పని చేసే వయసు వస్తుంది. అప్పటిదాకా ద్వారం నిలబెట్టి వాడికి అప్పజెప్పాలి. అక్కూబు మనసులో ఉన్నది అదొక్కటే.

సాయంత్రం బలి అయింది. బలిపీఠం దగ్గర ద్రాక్షరసం పోసే వేళకు గాయకుల పాట మొదలైంది. ఆ పాటలో ఒక గొంతు అక్కూబుకు మిగతావాటిలోంచి విడిగా వినిపిస్తుంది. అది అతని అల్లుడు మిక్నేయాది. అక్కూబుకూ పాటంటే ప్రాణమే. కానీ ఆలయంలో ఎన్నడూ నోరు మెదిపింది లేదు. పాట గాయకులది, తలుపు ద్వారపాలకులది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టడం ప్రాణం మీదికి వచ్చే తప్పు అని ఆలయ సేవకే పుట్టిన లేవీయుల పిల్లలకు మాటలు వచ్చిననాడే నేర్పుతారు. అక్కూబు కొండ దిగి పేటలో అడుగుపెట్టాకే పాడుకునేవాడు. "ఊరందరికీ దేవుడి దగ్గర గొంతు వస్తది, ఈయనకి మా వీధి మలుపులో వస్తది" అని షెలోమీతు నవ్వేది.

పాట ముగిసింది. జనం వెళ్ళిపోయారు. పడమటి గోడమీద ఎండ చివరి రాయిదాకా పాకింది.

"ఇక కానీ అన్నా," అన్నాడు అక్కూబు.

టల్మోను కీలుకు నూనె పోద్దామని కుండ కోసం వంగాడు. వంగినవాడు మళ్ళీ లేవలేదు. "ఒరేయ్ అక్కూబూ" అని మాత్రం అన్నాడు, చాలా నెమ్మదిగా, ఎవరితోనో గుట్టు చెబుతున్నట్టు. నడుం విరిగినంత పనైంది. కట్టెలు దించి వెళ్తున్న ఇద్దరు మనుషులు అతన్ని మోసుకెళ్ళి కాపలా గదిలో పడుకోబెట్టారు. వాళ్ళు చేయగలిగింది అంతే. వాళ్ళు లేవీయులు కారు.

అక్కూబు ఒక్కడే మిగిలాడు. మిగతా ఇంటివాళ్ళంతా పడమటి ద్వారం దగ్గర ఇదే పనిలో ఉన్నారు. అతను కుడి రెక్కను కాస్త తోసి, పరుగున వచ్చి ఎడమ రెక్కను తోశాడు. అది కదల్లేదు. భుజం ఆనించాడు. కీలు మూలిగింది తప్ప రెక్క రాలేదు. అరవై ఏళ్ళు దాటిన భుజం మరి.

"మామయ్యా, తప్పుకోండి. మీరు మీ వైపు వెళ్ళండి."

మిక్నేయా. ఇంటికి వెళ్తూ అటుగా వచ్చాడు. పాడేటప్పటి తెల్లబట్టలు ఇంకా ఒంటిమీదే ఉన్నాయి. అప్పటికే భుజం ఎడమ రెక్కకు ఆనించేశాడు.

ఏళ్ళ తరబడి ఎడమ రెక్క కదిలితే కుడి రెక్క దగ్గరికి పరుగెత్తడం అక్కూబు కాళ్ళకు అలవాటు. ఆ కాళ్ళు తమంతట తామే వెళ్ళాయి. తోశాడు. తలుపు ఎంత తేలిగ్గా వచ్చిందంటే, కుర్రతనంలో కూడా అంత తేలిగ్గా వచ్చిన గుర్తు లేదు. రెండు రెక్కలూ సాఫీగా, జోడు ఎద్దుల్లా, ఒకదాన్నొకటి చూసుకుంటూ దగ్గరికొస్తున్నాయి. అతని గుండె నిండిపోయింది. ద్వారం నిలబడుతోంది.

మధ్యలో మూరెడు సందు మిగిలి ఉండగా అటువైపు చెయ్యి కనిపించింది. టల్మోను చెయ్యి నల్లగా, వెంట్రుకలతో, కీళ్ళ దగ్గర ఉబ్బి ఉంటుంది. ఇది తెల్లటి చేతిపట్టీ ఉన్న చెయ్యి. తంతులు మీటే సన్నటి వేళ్ళు.

"ఆగు," అన్నాడు అక్కూబు.

"ఇంకొక్క తోపు మామయ్యా."

"చెయ్యి తియ్యి మిక్నేయా."

"దివిటీలు చూడండి! నాయకుడు పై మెట్ల దాకా వచ్చేశాడు."

"చూశాను. చెయ్యి తియ్యి."

మిక్నేయా చెయ్యి తీశాడు గానీ ఊరుకోలేదు. గొంతు తగ్గించి, "ఇక్కడ ఎవరున్నారు మామయ్యా? ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"రేపు పొద్దున దీన్ని తెరిచేది నేను. నాకు తెలీదా?"

"మీ ద్వారం పోతుంది!"

"పోతే ద్వారం పోతుంది. ఈ తప్పుకి నీకేదైనా అయిందనుకో, కెజీయాకి నేనేం చెప్పను? నా తలుపు బరువైందమ్మా, అందుకని నీ మొగుణ్ణి పెట్టి మూయించానూ అని చెప్పనా?"

అని, అక్కూబు ఒక పని చేశాడు. ఎడమ రెక్క దగ్గరికి వెళ్ళి, దాన్ని వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. మూయడంకన్నా తెరవడం తేలిక, వాలు అటే. అయినా ఊపిరి ఎగపోస్తోంది. మూరెడు సందు బారెడయింది, బారెడు ఇంకా వెడల్పయింది. రెక్క వెళ్ళి గోడకు ఆనుకుంది, మొదట ఎక్కడుందో అక్కడికి. తరవాత తన రెక్కనూ అలాగే తీసి గోడకు చేర్చాడు. ఉత్తర ద్వారం సందెవెలుగులో బార్లా తెరిచి ఉంది.

మిక్నేయా కళ్ళు తుడుచుకున్నాడు. "మంచి చేద్దామని వచ్చి ముంచేశాను."

"నువ్వు మంచోడివి నాయనా. ముంచడానికి నీ బరువు చాల్దు." అక్కూబు గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు కూడా కూర్చోలేదు. "ఇప్పుడు నీ పని నువ్వు చెయ్యి. గొంతుందిగా. పిలువు."

"ఎవర్ని?"

"టెబల్యాని."

"ఆయన్నా? మామయ్యా, ఆయన దీనికోసమే కాచుక్కూచున్నాడు!"

"కూర్చుంటే కూర్చున్నాడు. ద్వారపాలకుడు గదా. ఆ చెయ్యి ఈ తలుపుమీద పడొచ్చు. పిలువు."

ఆ మాట అనడం అక్కూబుకు ఎడమ రెక్కను లాగడంకన్నా బరువైంది. ఆ సంగతి అతని మొహంలో కనిపించింది కాబోలు, మిక్నేయా వెంటనే కదిలాడు. రెండడుగులు ముందుకు వేసి ఛాతీ నింపుకున్నాడు. "హోసా ఇంటి టెబల్యా! ఉత్తర ద్వారానికి ఒక చెయ్యి కావాలి!" ఆ కేక గోడల వెంబడి తిరిగి మెట్లమీదికి వెళ్ళింది. పావురాలు లేచాయి.

టెబల్యా మెట్లు దిగి వచ్చాడు. తొందరేమీ లేదు. దానిమ్మగింజలు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటూ వచ్చాడు.

"ఏమోయ్ అక్కూబూ! కాలినంగీ వాళ్ళకి కూడా మా చెయ్యి కావాల్సొచ్చిందా?"

"కావాల్సొచ్చింది."

"మీ మూలపురుషుడు కోరహు తనది కాని పనికి ఎగబడి భూమిలోకి పోయాడు. మీ నాన్న నిద్రలోకి పోయాడు. నువ్వెక్కడికి పోదామని?"

"ముందు తలుపు వేద్దాం. తరవాత ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతా. టల్మోను వైపు పట్టు."

టెబల్యా చేతిలోని గింజలన్నీ ఒకేసారి నోట్లో వేసుకుని, చేతులు అంగీకి తుడుచుకుని, ఎడమ రెక్కకు భుజం పెట్టాడు. "నీ చూపు చూస్తే నేనేదో పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుంటున్నట్టుంది" అన్నాడు. తోశారు. టెబల్యాకు ఆ తలుపు తీరు కొత్త. ఒకసారి ముందు పోయాడు, అక్కూబు "నిదానం, నిదానం" అన్నాడు. ఆగి, మళ్ళీ కలిసి తోశారు. రెక్కలింకా కలవకముందే దివిటీల వెలుగు వాళ్ళ వీపులమీద పడింది.

"మీకు సమాధానం కలుగుగాక," అన్నారు ఇద్దరూ, తలుపు వదలకుండానే.

రాగి అంచులు కలిశాయి. ఇద్దరూ చెరొక కొసా పట్టి అడ్డగడియ ఎత్తి కొక్కేల్లో దించారు. ఆ చప్పుడు నేలలోంచి పాదాలకు తెలిసింది.

"నేను వచ్చేసరికి తెరిచి ఉంది," అన్నాడు నాయకుడు.

"ఉందయ్యా," అన్నాడు అక్కూబు.

"ఎందుకు?"

"టల్మోను పడిపోయాడు. మిగిలిన ఆలస్యం నాది."

"ఏం చేశావని?"

అక్కూబు తల దించుకున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెబితే అల్లుడి పేరు చెప్పాలి. నాయకుడి చూపు గోడ పక్కన నిలబడ్డ మిక్నేయామీదికి వెళ్ళింది. తెల్లబట్ట భుజంమీద, ఎడమ రెక్క అంచున ఉండే పచ్చటి రాగి చిలుమూ నూనే కలిసి అరచెయ్యంత మరక. దివిటీవెలుగులో అది దాగేది కాదు. నాయకుడు మరకను చూశాడు. తలుపును చూశాడు. దివిటీ పట్టుకున్నవాణ్ణి వెనక్కి వెళ్ళమని సైగ చేశాడు. భుజం చీకట్లోకి పోయింది.

"నా మాట నాకు గుర్తుంది," అన్నాడు చివరికి. "టెబల్యా, రేపటినుంచి..."

"నాకొద్దయ్యా," అన్నాడు టెబల్యా.

"ఏమిటీ? మూడేళ్ళుగా నా చెవులు తినేశావు కదయ్యా!"

"తిన్నాను. కాదనను." టెబల్యా పంటిలో ఇరుక్కున్న గింజను నాలికతో తీసుకున్నాడు. "నేను ఆ మెట్లమీదే కూర్చున్నానండి. సందు మూరెడుండటం చూశాను. ఇంకొక్క తోపు తోస్తే మీరు వచ్చేసరికి గడియ పడేది, నేను చాటుగా మిమ్మల్ని కలవడానికి వచ్చేవాణ్ణి, ఎందుకంటే నాకు చెప్పాల్సింది దొరికింది. అదేంటో ఇప్పుడు చెప్పను. ఈయన ఆ తలుపుని మొత్తం వెనక్కి తీసుకెళ్ళి గోడకి పెట్టాడండి. దివిటీలు కనబడతానే ఉన్నాయి. ద్వారం పోద్దని తెలుసు. అయినా తీసుకెళ్ళి గోడకి పెట్టాడు." ఆగాడు. "నేనయితే వేసేసేవాణ్ణి."

ఎక్కడో పావురాలు తిరిగి గూళ్ళలో సర్దుకుంటున్న చప్పుడు.

"ఇప్పుడు వేసిన తలుపు ఎవరు వేశారు?" అని అడిగాడు నాయకుడు.

"ద్వారపాలకులు," అన్నాడు అక్కూబు.

"ఇద్దరూనా?"

"ఇద్దరూనండి."

"అయితే తలుపు వేసి ఉంది." నాయకుడు గడియమీద ఒకసారి అరచెయ్యి ఆనించాడు. "టల్మోను లేచేదాకా నీ ఎడమవైపు ఎవరు?"

"నేనేలెండి," అన్నాడు టెబల్యా. "మా ద్వారం మూయడానికి మా తమ్ముడు చాలు. వాడికి ఇంతవరకూ పని దొరకలేదు."

నాయకుడు రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరగకుండానే, "అక్కూబూ, నాకు తెలిసి నువ్వు ఈ తలుపు దగ్గర ఎన్నడూ కూర్చోలేదు. నేను వచ్చినప్పుడల్లా నిలబడే ఉన్నావు. అది నేను చూశానని నీకు తెలియాలి," అన్నాడు. దివిటీలు మూల తిరిగాయి.

అక్కూబుకు నాన్న గుర్తొచ్చాడు. సగం అంగీతో, ఎండలో, ఇంటి గుమ్మం దగ్గర. ఆ మాట ఆయన వినివుంటే బాగుండేది. టెబల్యా అతని భుజం తట్టాడు. "ఇంక కాలినంగీ అననులే. అంటే నా నోరు కాలుద్ది. అల్లుడి అంగీ మాత్రం ఇంటికి తీసుకెళ్ళి తొందరగా ఉతికించు. మరకలంగీ వాళ్ళని ఇంకో పేరు పడగలదు."

కాపలా గదిలో టల్మోను బోర్లా పడుకుని ఉన్నాడు. గడియ చప్పుడు విన్నానన్నాడు. "ఎడమవైపు ఎవడు? కాస్త ముందు పోయాడు."

"టెబల్యా."

టల్మోను నవ్వబోయి నడుం పట్టుకుని మూలిగాడు. "వాడా! సరే, నేర్పు. మా వాడొచ్చేదాకా పనికొస్తాడు."

మామా అల్లుళ్ళు కొండ దిగారు. కింద పేటలో, వీధి మలుపు తిరిగాక, అక్కూబు పాడాడు. ఆ సాయంత్రం గాయకులు పాడిన పాటే, కొంచెం శ్రుతి తప్పి. మిక్నేయా తన గొంతు కలపకుండా విన్నాడు.

కెజీయా గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడి భుజం చూసింది, తండ్రి మొహం చూసింది. ఏమీ అడగలేదు. బట్ట విప్పించుకుని బూడిదనీళ్ళలో వేసింది. గడప దగ్గర తొట్టిలో వేణ్ణీళ్ళు అప్పటికే పెట్టి ఉన్నాయి. అక్కూబు పాదాలు పెట్టాక తెలిసింది, ఉప్పు కూడా వేసింది.

పొద్దుటి పప్పే వేడిచేసి పెట్టింది. మిక్నేయా రొట్టె తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. తన చేతులకేసే చూసుకుంటున్నాడు.

"తిను," అన్నాడు అక్కూబు.

"నేను ముట్టుకోకుండా ఉండాల్సింది మామయ్యా. ఇంక ఏ తలుపు చూసినా..."

"ఏం నాన్నా, ఏమైంది?" అంది కెజీయా.

"ఏమీ లేదమ్మా. మీ ఆయనకి తలుపులంటే ఇష్టమని ఇవాళే తెలిసింది." అక్కూబు పాదాలు తుడుచుకుని, ఆ రోజులో మొదటిసారి గోడకు జేరబడి కూర్చున్నాడు. ఒళ్ళంతా ఒక్కసారిగా వదులైంది. "అల్లుడూ, లే. చలిగాలి వస్తోంది. ఆ వీధి తలుపు వేసిరా. అది నీదే. దాన్ని వేస్తే నిన్ను ఎవరూ ఏమీ అనరు. అనేవాళ్ళుంటే నా దగ్గరికి పంపు."

కెజీయా నవ్వింది, ఎందుకో పూర్తిగా తెలియకపోయినా. మిక్నేయా కూడా నవ్వాడు, ఆలస్యంగా. లేచి వెళ్ళి తలుపుమీద చెయ్యి వేసి ఒక క్షణం అలాగే నిలబడ్డాడు. తరవాత, పక్కింట్లో పిల్లలు పడుకుని ఉంటారని, చప్పుడు కాకుండా మూశాడు.